సమాధానం అక్కర్లేదు

నా దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. నీలం అట్ట, పెద్ద లావేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఒక బ్రిటిష్ సైనికాధికారి జీవితచరిత్ర అది. ముందు పేజీల్లో, కృతజ్ఞతలు చెప్పుకునేచోట, నా పేరు కూడా ఉంది. పుస్తకంలో పేరు అచ్చు కావడం మా ఇంటా వంటా లేని సంగతి. మామూలుగా అయితే ఊరంతా చూపించుకుంటూ తిరగాలి. నేను దాన్ని బీరువాలో పాత దుప్పట్ల కింద పెట్టాను. ఒకసారి నా భార్య సర్దుతూ బయటికి తీసి, ఇదేమిటని అడిగితే కంపెనీ పుస్తకం అన్నాను. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. ఆ పుస్తకంలోనే నా అబద్ధం ఒకటి పేజీన్నర పొడుగున అచ్చయి ఉంది.

గల్ఫ్ యుద్ధం ఆగిన రెండేళ్ళకు నేను బహ్రెయిన్ పోయాను. మా కరీంనగర్ వైపు జనానికి అది కూడా దుబాయే. ఇంటర్ పాసై, డిగ్రీ మధ్యలో వదిలేసిన నాకు దొరికింది కాంక్రీటు కోసం ఇనుప సలాకలు కట్టే పని. మామీర్‌లో క్యాంపు, గదికి ఎనిమిది మంది. తెల్లారకముందే బస్సు వచ్చేది. పొద్దెక్కాక సలాక ముట్టుకుంటే చేతికి తొడిగే గుడ్డల్లోంచి కూడా కాలేది. ఇంట్లో ఎద్దు వెనక నడవడానికి కూడా బద్ధకించినవాడిని, అక్కడ రోజంతా నడుం వంచి తీగ మెలితిప్పేవాడిని. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన నేను ఈ మొద్దు పని చెయ్యడమేమిటని లోలోపల కుతకుతలాడేవాడిని. ఆ పొగరే తర్వాత నా కొంప ముంచింది. నా కొంప కాదు, ఇంకొకరిది.

క్యాంపులో నాకు దక్కిన మర్యాద అంతా ఉత్తరాలది. మావాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఇంటి నుంచి ఉత్తరం వస్తే చింపకుండా తెచ్చి నా చేతికిచ్చేవారు. జవాబు కూడా నేనే రాసేవాడిని. ఈ పనిలో నాకు గురువు మా గదిలో పెద్దాయన. యాభై దాటిన మేస్త్రీ. ఆయన్ని అందరం కాక అనేవాళ్ళం. కాకకు ఒక్క అక్షరం రాదు, కానీ ఉత్తరం ఎలా చదవాలో నాకు నేర్పింది ఆయనే. వచ్చిన కొత్తలో ఒకడికి వాళ్ళ చెల్లెలి చావు కబురు ఉన్నదున్నట్టు చదవబోతుంటే కాక నా మోకాలు గట్టిగా నొక్కి ఆపాడు. తర్వాత నన్ను బయట నీళ్ళ ట్యాంకు దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, ఉత్తరం కాయితం సూసుకుంట సదువుడు కాదు. ఎదురుంగ కూసున్నోని మొకం సూసుకుంట సదువాలె. రేపు డ్యూటీకి పైకెక్కేటోనికి ఇయ్యాల చెడ్డ ముచ్చట చెప్పద్దు. మెత్తగ సదువు. అసలు సంగతి బేస్తారం పొద్దూకినంక చెప్పు. శుక్రారం సుట్టి, ఏడుసుకుంటడు."

నేను రాకముందు ఒకడికి ఎవరో పొద్దున్నే తల్లి పోయిన కబురు చదివి వినిపించారట. వాడు ఆ రోజు బెల్టు కొక్కెం తగిలించుకోకుండా పైకెక్కి, కిందపడి చనిపోయాడు. అప్పటి నుంచి అది మా క్యాంపు కట్టుబాటు. నేను బాగా ఆరితేరాను. కళ్ళు ఒక వాక్యం మీద ఉండగానే నోరు ఇంకో వాక్యం చెప్పేది. 'నాన్నకు పక్షవాతం' అని రాసి ఉంటే 'నాన్నకు కాస్త ఒంట్లో బాగాలేదట' అని చదివేవాడిని. గురువారం సాయంత్రం మళ్ళీ ఆ ఉత్తరమే తీసి, మిగతాది చదివేవాడిని. అది మోసం అని ఎవరూ అనుకోలేదు. ఇప్పటికీ నేను అనుకోను.

రెండో వేసవిలో ఫోర్‌మన్ వచ్చి, తెలుగు చదవడం ఎవరికి బాగా వచ్చని అడిగాడు. అందరూ నన్ను చూపించారు. ప్రాజెక్టు మేనేజరు పిలుస్తున్నాడన్నాడు. ఆయన ఇంగ్లీషువాడు, రిటైరు కావడానికి దగ్గరపడినవాడు. మేము ముసలి సారు అనేవాళ్ళం. శుక్రవారం మహూజ్‌లో ఆయన ఫ్లాటుకు పోయాను. ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకొని, చెప్పులు గుమ్మం బయట విడిచాను. ఆయన చెప్పులు లోపలికే తెచ్చుకోమన్నాడు, కుర్చీ చూపించాడు, టీ తనే కలిపి ఇచ్చాడు. ఏసీ చల్లగా వీస్తోంది. దేశం దాటాక ఒక తెల్లాయన నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. అంతకుముందు ఆయన నన్ను చూసిందల్లా హెల్మెట్టు పైనుంచే.

బల్లమీద ఒక తోలుపెట్టె ఉంది. అందులో ఆయన ముత్తాతకు ముత్తాత కాగితాలు ఉన్నాయట. ఆ మనిషి కెప్టెనుగా మన తెలుగు జిల్లాల్లో పనిచేశాడు. ఆయన జీవితం పుస్తకంగా రాయాలని సారు కోరిక. ఇంగ్లీషు కాగితాలన్నీ చదివేశాడు. నాలుగు కాగితాలు మాత్రం తెలుగులో ఉన్నాయి, వాటికి మనిషి కావాలి. చూస్తే గొలుసుకట్టు రాత. అక్షరానికి అక్షరం అంటుకుని, కలం ఎత్తకుండా రాసినది. ఈ కాలం వాళ్ళెవరూ చదవలేరు. కానీ మా అమ్మ తండ్రి పట్వారీ దగ్గర రాతకోతలు చూసినవాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాకు ఆ రాత దిద్దించాడు. చదవగలను సార్, కొన్ని వారాలు పడుతుంది అన్నాను. ఆ ఒక్కటీ నిజమే చెప్పాను.

అలా ప్రతి శుక్రవారం మహూజ్ పోవడం మొదలైంది. నేను కాగితం మీద వంగి అక్షరాలు విడదీస్తుంటే, సారు కెప్టెను కథ చెప్పేవాడు. ఆయన చెప్తుంటే ఎవరి తాతో కాదు, నిన్న కలిసిన మనిషి గురించి చెప్తున్నట్టు ఉండేది.

కెప్టెను ఒక పల్లెటూరి చర్చి పాదిరీ మూడో కొడుకు. ఆస్తి పెద్దవాడికి పోతుంది, చర్చి రెండోవాడికి. మూడోవాడికి మిగిలింది పట్టాళం. ఆ కాలంలో వాళ్ళ పట్టాళంలో అధికారి ఉద్యోగం ఊరికే రాదట, కొనుక్కోవాలట. మేనమామ డబ్బు పెట్టి, పదహారేళ్ళకే జెండా పట్టుకుని నడిచే చిన్న అధికారి పోస్టు కొనిపెట్టాడు. ఇది వినగానే నాకు నవ్వొచ్చింది. నా వీసా కూడా మా మేనమామే ఏజెంటు దగ్గర కొన్నాడని చెప్పాను. సారు కూడా పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో ఆయన నాకు చాలా దగ్గరైనట్టు అనిపించింది.

తర్వాత కెప్టెను అమెరికా పోయాడు. అక్కడి జనం ఇంగ్లండు రాజు మీద తిరగబడినప్పుడు పోరాడాడు. మోకాలికి తుపాకిగుండు తగిలి, కాలు కాస్త ఈడ్చి నడవడం మిగిలింది. ఆ యుద్ధం ఓడిపోయారు. యుద్ధం లేకపోతే అధికారికి సగం జీతం ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టేవారట. నాలుగేళ్ళు పాదిరీ ఇంట్లో సగం జీతంతో, వదిన సూటిపోటి మాటలు పడుతూ కూర్చున్నాడు. ఆ నాలుగేళ్ళ డైరీలో వానలు, తిండి, ఖాళీగా ఉన్న సిగ్గు తప్ప ఏమీ లేవని సారు అన్నాడు. పని లేకుండా ఇంట్లో పడి ఉన్నవాడి బాధ నాకు తెలుసు. కెప్టెను మీద జాలి కలిగింది.

చివరికి ఇండియాకు పోయే పట్టాళంలో చోటు దొరికింది. ఆరు నెలలు ఓడలో. మద్రాసులో దిగిన నెలకే జ్వరం. మైసూరు మీదికి పోయిన సైన్యంలో నడిచాడు. పై అధికారి యుద్ధంలో కాదు, విరేచనాలతో పోతే ఆ స్థానం ఈయనకు వచ్చింది. కెప్టెను అయింది అలాగే. తర్వాత కొంత సైన్యాన్నిచ్చి ఉత్తర సర్కారులకు పంపారు. గంజాం నుంచి గోదావరి దాకా అక్కడక్కడా జమీందార్లు ఎదురు తిరుగుతుంటే అణచడం ఆ పని. అక్కడ మూడేళ్ళు ఉన్నాడు. తిరిగి ఇంగ్లండు పోయి, మేజరుగా రిటైరై, మళ్ళీ అదే పల్లెలో కాలేయం చెడి చనిపోయాడు. ఆ చర్చి గోడకు ఒక రాతిపలక ఉందట. తాను పాలించిన ప్రజల ప్రేమను పొందినవాడు అని దానిమీద చెక్కి ఉందట. సారు దాని ఫోటో చూపించాడు. ఆ పలక కింది బెంచీ మీదే కూర్చుని ఆయన చిన్నప్పుడు ప్రార్థన చేసేవాడు.

ఆ ప్రేమకు రుజువు తెలుగు కాగితాల్లో నాలుగోది అని వాళ్ళ ఇంట్లో నమ్మకం. ఊరివాళ్ళు కెప్టెనుకు రాసుకున్న వీడ్కోలు పత్రమని సారు నాయనమ్మ చెప్పేదట. ఆ కాగితం వెనకవైపు కెప్టెను తన చేతిరాతతో ఇంగ్లీషులో ఒక్క మాట రాశాడు: సమాధానం అక్కర్లేదు. పొగడ్తకు సమాధానం ఏమిస్తాం, అంత వినయం గలవాడు అని సారు ఆ రాతను వేలితో నిమిరాడు.

మొదటి మూడు కాగితాలు ఎడ్లు, బియ్యం, తాళ్ళ జాబితాలు. ఇబ్బంది లేకుండా పోయాయి. నాలుగోది మొదలుపెట్టిన వారమే కాకకు ఉత్తరం వచ్చింది.

రాసింది ఆయన బావమరిది. కాక భార్యకు చూపు పోతోంది. కరీంనగర్ డాక్టరు చూసి, లోపల నరం ఎండిపోతోంది, ఇక మందు లేదు, రెండు మూడు నెలల్లో పూర్తిగా పోతుంది అన్నాడు. భర్తను ఒక్కసారి కళ్ళారా చూసుకుంటానని ఆమె రోజూ అడుగుతోంది. సోమవారం నేను దాన్ని మెత్తగా చదివాను. గురువారం సాయంత్రం ఉన్నదంతా చదివాను. కాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పటికి ఆయన ఇల్లు వదిలి ఆరేళ్ళు. ఒప్పందం ముగిసి ఎనిమిది నెలలైనా, పని పూర్తికాలేదని కంపెనీ పంపడం లేదు. పాస్‌పోర్టు ఆఫీసు అల్మారాలో ఉంది. ముసలి సారు సంతకం పెడితే చాలు, వారంలో విమానం ఎక్కొచ్చు.

"నువ్వు ప్రతి శుక్రారం దొర ఇంటికి పోతవ్ గదా బిడ్డా" అన్నాడు కాక. "ఇంగ్లీషుల కాయితం రాసి ఆయన చేతుల వెట్టు. నేను చెప్పినట్టె రాయి."

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"మా ఇంటామె చూపు పోతాంది. అది పోకముందు నేను పోవాలె. ఆమె నా మొకం సూడాలె. నా మీయాదు ఒడ్సి ఎనిమిది నెలలాయె, మీరు తోలుతలేరు. గిది న్యాయం కాదు. బతిమిలాడుతలేను, అడుగుతున్న. నా పాసుపోర్టు నాకియ్యిండ్రి, ఈ నెలల్నే తోలుండ్రి. గంతే రాయి."

నేను రాసింది వేరు. అంతకు పదిహేను రోజుల ముందే సారు నాతో ఒక మాట అన్నాడు. స్టోరులో ఒక మనిషి అవసరం ఉంది, నీ రాత బాగుంది, చూద్దాం అని. స్టోరు అంటే ఏసీ ఉన్న కంటెయినరు గది, కూర్చుని చేసే పని. న్యాయం కాదు అనే మాట నా చేత్తో రాస్తే ఆయనకు కోపం వస్తుందేమోనని భయపడ్డాను. కాబట్టి ఇంగ్లీషులో ఇలా రాశాను: మహారాజశ్రీ సారు గారికి, నేను మీ కంపెనీలో ఎంతో సంతోషంగా ఉన్నాను, నా భార్యకు కొంత కంటి జబ్బు ఉన్నది, తమకు వీలైనప్పుడు దయతో సెలవు ఇప్పించగలరు. ఆ కాగితం పట్టుకుని కాకకు చదివి వినిపించాను. కళ్ళు నా వాక్యాల మీద, నోరు ఆయన వాక్యాల మీద. న్యాయం కాదు అన్నమాట వచ్చినప్పుడు కాక తల ఊపాడు. గట్టిగ రాసినవ్ అని నా భుజం తట్టాడు. కిందికి వంగి వేలిముద్ర వేశాడు.

అదే రోజుల్లో మనామా పోయి తలకు వేసుకునే నల్లరంగు పొట్లం ఒకటి కొనుక్కొచ్చాడు కాక. ఇల్లు వదిలి వచ్చినప్పుడు జుట్టు నల్లగా ఉండేది, ఇప్పుడు పూర్తిగా నెరిసింది. ఆమె గుర్తుపట్టాలి కదా అన్నాడు. పొట్లాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

శుక్రవారం చొక్కా జేబులో కాక కాగితంతో మహూజ్ పోయాను. ఆ రోజే నాలుగో కాగితంలోని అర్జీ చివరి వరుసలు విడివడ్డాయి. అవును, అది అర్జీ. వీడ్కోలు పత్రం కాదు, కెప్టెనుకు రాసింది కూడా కాదు. ఊరి కాపులందరూ కలిసి ఈస్టిండియా కంపెనీ పెద్దదొరకు కెప్టెను మీద చేసుకున్న ఫిర్యాదు. ఆ దొర జవాబు చెప్పమని దాన్ని కెప్టెనుకే పంపి ఉంటాడు. మూడు మజిలీల దూరం సామాను మోయాలని చెప్పి కెప్టెను వాళ్ళ ఊరి నుంచి పన్నెండు మందిని తీసుకుపోయాడు. మూడు మజిలీలు అయ్యాక వదల్లేదు. వానాకాలం మొత్తం తనతో తిప్పాడు. ముగ్గురు తిరిగొచ్చారు. తొమ్మిది మంది జాడ లేదు. వాళ్ళు ఉన్నారో పోయారో చెప్పండి, పోయి ఉంటే ఆడవాళ్ళకు ఆ మాటైనా చెప్పుకుంటాం, కర్మ చేసుకుంటాం అని రాసుకున్నారు. కింద తొమ్మిది పేర్లు ఉన్నాయి, ఒక్కొక్క పేరు పక్కన భార్య పేరు.

దాని వెనక కెప్టెను రాసిన మాట. సమాధానం అక్కర్లేదు.

సారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కలం తీసుకుని, చెప్పు అన్నాడు. చిన్నపిల్లాడు పండుగ బట్టల కోసం చూసినట్టు చూస్తున్నాడు. నేను ఆయన మొహం చూసుకుంటూ చదవడం మొదలుపెట్టాను. కాక నేర్పినట్టే. కళ్ళు ఆ తొమ్మిది పేర్ల మీద ఉన్నాయి. నోరు మాత్రం, కెప్టెను మా మనుషులను సొంత బిడ్డల్లా చూసుకున్నాడు, వానలకు ముందే పన్నెండు మందినీ ఇళ్ళకు చేర్చాడు, ఒక్కొక్కరికి ఒక గుడ్డ పెట్టాడు, ఆయనకు దేవుడు పెద్ద పదవి ఇవ్వాలి అని చెప్పుకుపోయింది. ఆగలేదు. అడగని దీవెనలు కూడా కలిపాను. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన నాయనమ్మ ఉంటే ఎంత సంతోషించేదో అన్నాడు.

నిజం చెబితే సారు మనసు విరిగి కాక కాగితం మీద సంతకం పెట్టడేమో, అందుకే అలా చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. కానీ స్టోరు గది చల్లదనం కూడా అప్పుడు నా ఒంటికి తగులుతూనే ఉంది.

ఆయన సంతోషంగా ఉన్నాడు కదా అని వెంటనే కాక కాగితం తీసిచ్చాను. చదివాడు. ఎంత మర్యాదగా రాశాడు, మీవాళ్ళు రెండు వందల ఏళ్ళ కిందటా ఇప్పుడూ ఒకేలా ఉన్నారు అన్నాడు. తర్వాత కళ్ళెత్తి నన్నే అడిగాడు.

"వీలైనప్పుడు అని రాశాడు. తొందరేమీ లేదు కదా?"

అది నాకు దేవుడు ఇచ్చిన సందు. ఉంది సార్, ఆమెకు చూపు పోతోంది సార్, అని రెండు ముక్కలు చెబితే అయిపోయేది. అందుకు ఇంగ్లీషు కూడా పెద్దగా అక్కర్లేదు. కానీ అప్పుడే అంత పొగడ్త చదివి వినిపించిన నోటితో తొందర ఉంది అనడానికి మొహం చెల్లలేదు. నేను రాసిన కాగితమే తప్పు అని ఒప్పుకోవాల్సి వస్తుంది.

"లేదు సార్" అన్నాను.

ఆయన కాగితం మూలన రాశాడు: కాంక్రీటు పని ముగిశాక, నవంబరులో పంపవచ్చు. సంతకం పెట్టాడు. అప్పటికి జూన్ నెల.

క్యాంపుకు వచ్చి, దొర ఒప్పుకున్నాడు, కాస్త టైం పడుతుందట అని కాకకు చెప్పాను. ఎంత టైమని అడిగాడు. తొందరలోనే అన్నాను. జులైలో నేను స్టోరుకు మారాను. చేతిగుడ్డలు, హెల్మెట్లు, తాళ్ళు ఇచ్చి పుస్తకంలో రాసుకోవడం నా పని. ఆగస్టులో ఒక మధ్యాహ్నం కాక చేతిగుడ్డల కోసం వచ్చాడు. చొక్కా మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. కిటికీలోంచి గుడ్డలు అందించాను. లోపలి చల్లగాలి మొహానికి తగిలి ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"మంచిగైంది బిడ్డా, నీకన్న నీడ దొరికింది" అన్నాడు. నిజంగానే సంతోషించాడు. "నా సంగతి ఇంకోపారి యాది జెయ్యి దొరకు."

చేస్తాను అన్నాను. చెయ్యలేదు. మహూజ్‌లో టీ తాగుతూ ప్రతిసారీ నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు అడిగితే అప్పుడెందుకు చెప్పలేదంటాడు. ఒక అబద్ధాన్ని దాచడానికి ఇంకో నెల, ఆ నెలను దాచడానికి మరో నెల. ఇంటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఆగస్టులో ఆమెకు దీపం కనిపిస్తోంది. సెప్టెంబరులో దీపం చుట్టూ పొగ కనిపిస్తోంది. అక్టోబరు ఉత్తరంలో చూపు సంగతే లేదు, ఆమెను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నామని మాత్రం ఉంది. దాన్ని నేను గురువారం కూడా మెత్తగానే చదివాను. కాక పెట్టిన కట్టుబాటు నేను తప్పింది ఆ ఒక్కసారే.

నవంబరులో పాస్‌పోర్టు ఇచ్చారు. పోయే రోజు పొద్దున కాక బకెట్టు ముందు కూర్చుని, చిన్న అద్దంలో చూసుకుంటూ జుట్టుకు రంగు వేసుకున్నాడు. చెవుల మీద పడిన మరకలు నేనే తుడిచాను. అందరూ ఎగతాళి చేశారు, కొత్త పెళ్ళికొడుకు అన్నారు. ఆయన సిగ్గుపడి నవ్వాడు. ఆఫీసుకు పోయి టికెట్టు తీసుకుని, అక్కడి నుంచి అటే ఎయిర్‌పోర్టుకు పోయాడు. నేను స్టోరు డ్యూటీ అని సాగనంపడానికి పోలేదు. డ్యూటీ ఉన్నమాట నిజమే, ఒక గంట అడిగితే ఇచ్చేవారు.

జనవరిలో ఊరి నుంచి వచ్చిన ఒకతను కాక పంపాడని ఒక క్యాసెట్టు తెచ్చాడు. ఉత్తరం కాదు. గదిలో అందరం టేపురికార్డరు చుట్టూ కూర్చున్నాం. ముందు ఒక్కొక్కరిని పేరుపేరునా పలకరించాడు. ఎవరికి కారం పంపాడో, ఎవరి ఇంటికి పోయి వచ్చాడో చెప్పాడు. తర్వాత తన సంగతికి వచ్చాడు.

"జుట్టుకు రంగేసుకొని పోతి గదా" అంది కాక గొంతు. "ఆమెకేం కనవడ్తది. వాకిట్ల నిలవడ్డ నన్ను చేతులతోని తడిమింది. మొకం తడిమింది, నెత్తి తడిమింది. నీ నెత్తికేందో వాసనొస్తాంది అన్నది. రంగు అన్న. నల్లగ ఉన్నదా అన్నది. ఉన్నదన్న."

తర్వాత నా వంతు వచ్చింది.

"బిడ్డా. ఉత్తరం రాపిస్తె నువ్వే సదువుతవని టేపు చేసిన. పోయేనాడు ఆఫీసుల మలబారు గుమస్తా నా ఫైలు తీసిండు. అండ్ల నా వేలిముద్ర కాయితం కనవడితె, గది సదువు భాయ్ అన్న. హిందీల సదివి చెప్పిండు. నీకు చెప్దామనుకొనే ఎయిర్‌పోర్టుకు పోయిన, నువ్వు రాలే. మెత్తగ సదువుమని నేర్పింది నేనే. మనోనికి సదివెటప్పుడు మెత్తగ సదువాలె. దొరకు రాసెటప్పుడు గట్టిగ రాయాలె. గది నీకు జెప్పుడు మర్సిన. తప్పు నాదే."

తిట్టి ఉంటే బతికేవాడిని. గదిలోవాళ్ళు నా వైపు చూడలేదు. ఒకరు లేచి టేపు ఆపారు. మర్నాటి నుంచి నా దగ్గరికి చదవమని ఉత్తరాలు తేవడం ఆగిపోయింది. పక్క గదిలో ఏడో తరగతి చదివినవాడు ఒకడు ఉన్నాడు, కూడబలుక్కుని చదివేవాడు. వాడి దగ్గరికే పోయేవారు.

ఆ శుక్రవారం మహూజ్ పోయాను. అన్నీ చెప్పాలనే పోయాను. కాక సంగతి, అర్జీ సంగతి, తొమ్మిది మంది సంగతి. దారిలో ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకున్నాను. సారు అట్టపెట్టెలు సర్దుతున్నాడు. రిటైరై ఇంకో పది రోజుల్లో ఇంగ్లండు పోతున్నాడు. నన్ను చూసి మొహం విప్పార్చుకున్నాడు. పుస్తకం టైపు పూర్తయిందని చెప్పి, చివరి అధ్యాయం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో నా మాటలు, పేజీన్నర. పన్నెండు మందీ వానలకు ముందే ఇళ్ళకు చేరారు. ఒక్కొక్కరి భుజాన కొత్త గుడ్డ ఉంది. దాని కింద రాతిపలక ఫోటో.

బాగుందా అన్నాడు. బాగుంది సార్ అన్నాను.

టీ ఇచ్చాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మీ పెద్దాయన ఇంటికి చేరాడా, భార్య కళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగాడు. పేరు కూడా గుర్తుంది ఆయనకు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను ఆయన మొహం చూశాను.

"బాగున్నాయి సార్. ఆమె మిమ్మల్ని తలుచుకుంటుందట. మీకు నమస్కారాలు చెప్పమన్నారు."

సారు చాలా సంతోషించాడు. వాళ్ళకు ఒక ఉత్తరం ముక్క రాసి పంపనా, నువ్వు చదివి వినిపించేలా తెలుగులో పెడతావా అని అడిగాడు.

"సమాధానం అక్కర్లేదు సార్" అన్నాను. కాక క్యాసెట్టు అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది.